సాగర్ నగర్ పంచర్ షాపు: గాలి పోవడం వేరు, దిగడం వేరు

మూడు నెలలు నా స్కూటర్ వెనక టైరు నన్ను ఏడిపించింది. సోమవారం గాలి కొట్టిస్తే గురువారానికి మెత్తబడేది. వేరే షాపులో చూపిస్తే పంచర్ అని ఒక స్ట్రిప్పు గుచ్చారు, వారం తిరక్కుండా ఇంకొకటి గుచ్చారు. రెండింటికీ డబ్బులు తీసుకున్నారు. టైరు మాత్రం ఎప్పటిలాగే మెత్తబడుతూనే ఉంది. నేను భీమిలి వైపు స్కూల్లో ఇంగ్లీషు చెప్తాను. పొద్దున్నే బండి తీసేటప్పుడు ఆ టైరు వంక చూడాలంటేనే టెన్షన్.

తోటి టీచర్ చెబితే విశాఖ సాగర్ నగర్‌లో, బీచ్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందు మొదట్లో ఉన్న చిన్న షాపుకి వెళ్లాను. బోర్డు లేదు. వేలాడదీసిన పాత టైరే గుర్తు. నడిపే ఆయనకి అరవై ఏళ్లుంటాయి. వెంటనే మేకు కోసం వెతకలేదు. "ఎన్ని రోజులకోపాలి కొట్టిస్తన్నావమ్మా?" అని అడిగారు. మూడు నాలుగు రోజులకన్నాను.

"అయితే పంచరు గాదు. పోడం వేరు, దిగడం వేరు. పోయిందంటే పూటలో నేలకంటుకుపోద్ది. ఇది దిగతంది."

29 ఉండాల్సిన చోట 17 ఉందని గేజీ నా ముందు పెట్టారు. గాలి నింపి, పాత పెయింటు బ్రష్షుతో సబ్బునీళ్లు పూశారు. వాల్వు దగ్గర ఏమీ లేదు. గుచ్చిన రెండు స్ట్రిప్పుల దగ్గరా లేదు. టైరు అంచు రిమ్ముని కరుచుకునే చోట, ఒక పక్కన, ఆవగింజంత బుడగలు మెల్లగా లేచాయి. ఒకటి పగిలేలోపు పక్కన ఇంకొకటి. జానెడు మేర తెల్లగా నురగ కట్టింది. టైరు ఊడదీస్తే లోపల ఇనప రిమ్ము అంచంతా తుప్పు పొక్కులే. ట్యూబ్‌లెస్ టైరులో గాలిని ఆపేది ఆ అంచు బిగువే. పొక్కు లేచిన చోట సందు పడుతుంది. ఇదంతా సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి పని అన్నారాయన. వైరు బ్రష్షుతో, గరుకు కాగితంతో ఓపిగ్గా గీకి, సీలెంట్ పూసి, వాల్వు కూడా మార్చారు. గంటన్నర పట్టింది. మొత్తం 350 రూపాయలు. ఆరు వారాలైంది, మొన్న ఆదివారం చూపిస్తే 28 ఉంది.

ఆ వారమే తొమ్మిదో తరగతిలో డిఫ్లేట్ అనే మాట వచ్చింది. ఇన్నేళ్లూ బోర్డు మీద "గాలి తీయు" అని రాసేసి ముందుకెళ్లిపోయేదాన్ని. ఈసారి ఆయన మాట పట్టుకున్నాను. బంతిలో గాలి మనం వదిలేస్తే తీయడం, రాత్రి కట్టిన బెలూన్ పొద్దుటికి చిక్కిపోతే దిగడం. ఇంగ్లీషులో రెండింటికీ అదొక్కటే. గొప్పలు పోయేవాడిని నలుగురిలో ఒక్క ప్రశ్నతో కూర్చోబెడితే "గాలి తీసేశాడు" అని మనమూ అంటాం. కానీ మార్కులు చూసుకుని అమ్మాయి డీలాపడితే నీరుగారిపోయింది అనాలి. "గాలి పోయి నీరొచ్చింది మేడమ్" అంది వెనక బెంచీ పిల్ల. నాకెంత సంతోషం వేసిందో!

ధరల దగ్గర ఎక్కువసేపు ఆగాం. ఈ మాట నుంచే వచ్చిన డిఫ్లేషన్, తెలుగులో ప్రతిద్రవ్యోల్బణం, అంటే ధరలన్నీ మొత్తంగా దిగుతూ పోవడం అని చెబితే "మంచిదే కదా" అన్నారంతా. రైతు బజార్లో టమాటా ధర దిగిందంటే మంచిదే. కానీ 1929 నుంచి 1933 లోపల అమెరికాలో ధరలన్నీ కలిపి సుమారు పాతిక శాతం పడ్డాయి. బ్యాంకులు కూలాయి, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, చివరికి నలుగురిలో ఒకరికి పని లేదు. జీతం పోయింది, చేసిన అప్పు మాత్రం దిగలేదు. అది చెప్పాక క్లాసు నిశ్శబ్దమైపోయింది.

ఎర్రమట్టి దిబ్బలు మా దారిలోనే. గాలి పొడి ఇసుకను ఎత్తుకుపోవడాన్ని కూడా భూగర్భ శాస్త్రంలో డిఫ్లేషన్ అంటారు. లాటిన్ మూలానికి అర్థం ఊది ఎగరగొట్టడమే. అక్కడి లోతైన గండ్లు మాత్రం ఎక్కువగా వాననీళ్లు కోసినవి.

షాపు విషయానికొస్తే, నీడ తక్కువ, కూర్చోడానికి ఒక్కటే స్టూలు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఉండరు. ఫోన్‌పే ఉంది. తొందరగా గుచ్చి పంపేయమంటే ఒప్పుకోరు, అది నాకు మరీ నచ్చింది. వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి. గాలి ఎన్ని రోజులకి దిగుతోందో ముందే లెక్క చూసుకోండి, ఆయన మొదట అడిగేది అదే.