ఉత్తర కొరియా అణ్వాయుధాలు: ముందు ఆపించడం మేలా, మొత్తం వదిలించడం మేలా?

ఉత్తర కొరియా విషయంలో సియోల్, వాషింగ్టన్, టోక్యోలలో ముప్పై ఏళ్లుగా నలుగుతున్న ప్రశ్న ఒకటే. ఉన్న బాంబుల సంగతి తర్వాత చూసుకుని, కొత్తవి తయారు కాకుండా ముందు ఆపించాలా? లేక మొత్తం వదులుకుంటేనే ఆంక్షలు ఎత్తేస్తామని పట్టుబట్టాలా? మొదటిది 1994లో జెనీవాలో చేసి చూశారు, రెండోది 2019లో హనోయ్‌లో. రెండూ చెడిపోయాయి. కానీ చెడిన తీరు వేరు. ఏది మేలో తేల్చుకోవాలంటే ఆ తేడానే పట్టుకోవాలి.

అమెరికా, ఉత్తర కొరియా 1994 అక్టోబరు 21న చేసుకున్న ఒప్పందంతో, ఉత్తరాది ప్రధాన అణుకేంద్రమైన యోంగ్‌బ్యోన్‌లోని 5 మెగావాట్ల రియాక్టర్ ఆగింది. కడుతున్న 50, 200 మెగావాట్ల రియాక్టర్ల పనులూ నిలిచిపోయాయి. బదులుగా అమెరికా ఏటా 5 లక్షల టన్నుల ఫర్నేస్ ఆయిల్ పంపాలి, 2003 నాటికి సుమారు 1000 మెగావాట్ల తేలికనీటి రియాక్టర్లు రెండు కట్టించాలి. వాడేసిన ఇంధన కడ్డీలు దాదాపు 8 వేలను ఉక్కు డబ్బాల్లో పెట్టి, నీటి తొట్టిలో ఉంచారు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ (ఐఏఈఏ) సీళ్లు వేసింది, కెమెరాలు బిగించింది, తనిఖీదారులు అక్కడే మకాం వేశారు. ఆ చిన్న రియాక్టర్ ఏడాది నడిస్తే సుమారు 6 కిలోల ప్లుటోనియం, అంటే దాదాపు ఒక బాంబుకు సరిపడేంత, వస్తుంది. ఎనిమిదేళ్లపాటు అది నడవలేదు. ఆంక్షలు గానీ బెదిరింపులు గానీ ఆ తర్వాత ఎప్పుడూ సాధించలేని ఫలితం అది.

మరి ఎక్కడ చెడింది? ఒప్పందం ప్లుటోనియానికి తాళం వేసింది, బాంబుకు రెండో దారైన యురేనియం శుద్ధికి వేయలేదు. ఉభయ కొరియాల 1992 ప్రకటనలో శుద్ధి కేంద్రాలు ఉండకూడదని రాసుకున్నా, వెళ్లి చూసే ఏర్పాటు అమల్లోకి రాలేదు. అమెరికా వైపూ మాట నిలబడలేదు. 2003కు పూర్తి కావాల్సిన రియాక్టర్లకు తొలి కాంక్రీటు పోసింది 2002 ఆగస్టులో. ఆ అక్టోబరులో శుద్ధి వ్యవహారంపై అమెరికా నిలదీసింది, నవంబరులో ఆయిల్ ఆపాలని నిర్ణయమైంది, డిసెంబరులో ఉత్తర కొరియా సీళ్లు తెంచి తనిఖీదారులను పంపేసింది. 2003 జనవరిలో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం నుంచి వైదొలుగుతున్నట్టు ప్రకటించింది. తొట్టిలోని కడ్డీల నుంచి ప్లుటోనియం తీసింది. 2006 అక్టోబరు 9న తొలి అణుపరీక్ష.

ప్లుటోనియానికీ యురేనియం శుద్ధికీ మధ్య తేడా కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఇవాళ్టి చిక్కంతా ఇక్కడే ఉంది. ప్లుటోనియం తయారయ్యే రియాక్టర్‌ను దాచలేం. నడుస్తుంటే వేడి బయటకు పోవాలి. 2008 జూన్‌లో కూలింగ్ టవర్‌ను కూల్చేశాక కూడా వేడినీరు పక్కనున్న కురియోంగ్ నదిలో కలవడం ఉపగ్రహ చిత్రాల్లో కనిపిస్తూనే ఉంది. యురేనియం శుద్ధి చేసే యంత్రాలైన సెంట్రిఫ్యూజ్‌ల సంగతి అలా కాదు. పొగ రాదు, ఆవిరి రాదు, మామూలు ఫ్యాక్టరీ షెడ్డులో సరిపోతాయి. 2010 నవంబరులో అమెరికా శాస్త్రవేత్త సీగ్‌ఫ్రిడ్ హెకర్‌కు యోంగ్‌బ్యోన్‌లో 2 వేల సెంట్రిఫ్యూజ్‌లు చూపించేదాకా, అక్కడ అంత పెద్ద హాలు తయారైందని బయటి ప్రపంచానికి తెలియదు. అందుకే ఉపగ్రహాలను నమ్ముకుని రాసుకునే ‘ఆపుదల’ సగం ఆపుదలే. లోపల మనిషి ఉండాలి.

ఇక హనోయ్. 2019 ఫిబ్రవరిలో కిమ్ జోంగ్ ఉన్ యోంగ్‌బ్యోన్‌ను విప్పేస్తానన్నారు. భద్రతా మండలి 2016, 2017లలో చేసిన తీర్మానాల్లో ఐదింటి ఆంక్షల్ని, ప్రజల బతుకుతెరువుకు సంబంధించినంత మేరకు, ఎత్తేయమన్నారు. వినడానికి చిన్న కోరికే. బొగ్గు, ఇనుప ఖనిజం, చేపలు, దుస్తుల ఎగుమతులు, చమురు దిగుమతులపై పరిమితులు అన్నీ ఆ ఐదింట్లోనే ఉన్నాయి. ఆంక్షల్లో పస ఉన్నదంతా అదే. ట్రంప్ యోంగ్‌బ్యోన్ వెలుపలి రహస్య కేంద్రాలు కూడా కావాలన్నారు. చివరి రోజు మధ్యాహ్న భోజనానికి కూడా కూర్చోకుండానే ఎవరి దారిన వారు లేచిపోయారు.

ఆ ధరకు ఒప్పుకోకపోవడం సబబే. ఒకసారి రద్దయిన తీర్మానాన్ని తిరిగి తేవాలంటే రష్యా, చైనా వీటో దాటాలి. కానీ బదులుగా అమెరికా ఒకేసారి అంతా అడగడం తప్పు. చిన్న బేరం కుదర్చకుండా వచ్చేయడం వల్ల నష్టపోయింది ఎవరు? అప్పటినుంచి యోంగ్‌బ్యోన్‌లో శుద్ధి హాలు పెరిగింది. 2022లో అణ్వాయుధ విధానాన్ని చట్టం చేశారు, 2023లో రాజ్యాంగంలోకి ఎక్కించారు.

అందుకని ముందు ఆపించడమే మేలని నా అభిప్రాయం. అయితే ఏ ఆపుదల అన్నది ముఖ్యం. 2018 ఏప్రిల్‌లో కిమ్ ప్రకటించిన విరామం అణుపరీక్షలకు, ఖండాంతర క్షిపణులకే. ఏడాది తిరిగేసరికి, 2019 మేలో, పొట్టి దూరపు క్షిపణుల ప్రయోగాలు మొదలయ్యాయి. అమెరికాకు అది పెద్ద సంగతిగా అనిపించలేదు. సరిహద్దుకు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న సియోల్‌కు ప్రాణం మీదికి వచ్చేది అవే. కాబట్టి ఒప్పందం మొదటి పేజీలోనే శుద్ధి కేంద్రాలన్నిటి జాబితా, తనిఖీదారుల శాశ్వత నివాసం, పొట్టి దూరపు క్షిపణులు ఉండాలి. ఆంక్షలను రద్దు చేయకూడదు, ఆరు నెలలకో ఏడాదికో గడువు పెట్టి సడలించాలి. గడువు తీరితే సడలింపు దానంతటదే పోతుంది, కొనసాగించాలంటేనే కొత్త ఓటు. అప్పుడు వీటో భయం ఉత్తర కొరియా వైపు మళ్లుతుంది.

ఇలా ఆపిస్తే అణ్వాయుధ దేశంగా గుర్తించినట్టేనని టోక్యో, సియోల్‌లలో అభ్యంతరం ఉంది. న్యాయమైన అభ్యంతరమే. నిరాయుధీకరణ అనే చివరి లక్ష్యాన్ని ఒప్పందంలో రాసి ఉంచడమే దానికి జవాబు. 2025లో దక్షిణ కొరియా అధ్యక్షుడైన లీ జే మ్యోంగ్ చెప్తున్నదీ అదే: ఆపడం, తగ్గించడం, ఆ తర్వాతే పూర్తిగా తొలగించడం.

దక్షిణ కొరియా సొంత బాంబు తయారు చేసుకోవాలన్న మూడో మాట గట్టిగానే వినిపిస్తుంది గానీ నిలవదు. వ్యాప్తి నిరోధక ఒప్పందం నుంచి మూడు నెలల నోటీసుతో బయటపడవచ్చు. కానీ ఆ దేశపు కరెంటులో సుమారు మూడో వంతు దిగుమతి యురేనియంతో నడిచే రియాక్టర్ల నుంచే వస్తోంది. ఒప్పందం వదిలాక అమ్మేవాళ్లు ఆ ఇంధనం ఆపేశారంటే పరిశ్రమే కుంటుపడుతుంది. పెనుకొండ దగ్గర కియా కార్లు చేసేవాళ్లకూ ఆ సెగ తగలకపోదు.

కాలం మాత్రం అనుకూలంగా లేదు. 2024 మార్చిలో రష్యా వీటోతో ఆంక్షల అమలును గమనించే నిపుణుల బృందం రద్దయింది, జూన్‌లో ఉత్తర కొరియాతో రష్యాకు పరస్పర రక్షణ ఒప్పందం కుదిరింది. ఆంక్షల సడలింపుకు ఇదివరకు ఉన్న విలువ ఇప్పుడు లేదు. నిరాయుధీకరణ మాట వదిలేస్తేనే అమెరికాతో కూర్చుంటానని 2025 సెప్టెంబరులో కిమ్ అన్నారు. ఉభయ కొరియాల సంప్రదింపుల ఫోను ఒకప్పుడు రోజూ పొద్దున 9కి, సాయంత్రం 5కి మోగేది. 2023 ఏప్రిల్ 7 నుంచి ఉత్తరాది వారు ఎత్తడం మానేశారు. ఏ ఒప్పందం రాయాలన్నా ముందు ఆ ఫోను పలకాలి.