వంద పేపర్లా, ఒకే ప్రశ్న వెంట ఇరవై ఏళ్లా? ఎమర్జెన్సీ డాక్టరుకి ఏది మేలు?

విజయవాడలోనైనా గుంటూరులోనైనా ఎమర్జెన్సీ మెడిసిన్ పీజీలో చేరినవాళ్లు థీసిస్ గైడ్ ఎవరో తెలియగానే గూగుల్ స్కాలర్ తెరుస్తున్నారు. సైటేషన్లు (ఆయన రీసెర్చ్ పేపర్లను ఇతరులు తమ పేపర్లలో ఉదహరించిన సార్లు) ఎన్ని, హెచ్-ఇండెక్స్ ఎంత అని చూసి మనిషిని అంచనా వేసేస్తున్నారు. రేపు తమ కెరీర్‌ను కూడా ఆ అంకెల కోసమే మలుచుకుంటారేమోనని నా బెంగ.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ ప్రతిపాదించారు. కనీసం ఇరవై సైటేషన్లు వచ్చిన పేపర్లు ఇరవై ఉంటే హెచ్-ఇండెక్స్ 20. ఒక డాక్టరుగారు మూడే పేపర్లు రాశారనుకోండి. అందులో ఒకదానికే 1000 సైటేషన్లు వచ్చినా ఆయన హెచ్-ఇండెక్స్ 3 దాటదు. ఇంకొకరివి ముప్పై పేపర్లు, ఒక్కోదానికి ముప్పై సైటేషన్లు. మొత్తం 900, హెచ్-ఇండెక్స్ మాత్రం 30. ఒక లెక్కలో మొదటివారు పైన, ఇంకో లెక్కలో రెండోవారు పైన. ఎవరి పని రోగి దాకా వచ్చిందో రెండు అంకెలూ చెప్పవు. పైగా హెచ్-ఇండెక్స్ సర్వీసుతో పాటు పెరిగేదే గాని తగ్గేది కాదు. కాబట్టి కార్డియాలజీ ప్రొఫెసర్ అంకెను ఎమర్జెన్సీలో నిన్నగాక మొన్న చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ అంకె పక్కన పెట్టి చూడటం అన్యాయం.

అంకెలు పక్కనపెట్టి దారులు చూద్దాం. ఒకే ప్రశ్న వెంట పడే దారికి కెనడాలోని ఒటావాకు చెందిన ఎమర్జెన్సీ డాక్టర్ ఇయాన్ స్టీల్‌ను మించిన ఉదాహరణ నాకు కనిపించదు. ఏ రోగికి ఎక్స్‌రే, సీటీ అక్కర్లేదో మంచం దగ్గరే తేల్చుకోవడం ఎలా? ఆయన ప్రశ్న అదే. 1992లో చీలమండ రూల్స్ ఇచ్చారు. 2001లో తల సీటీకి ఒకటి, మెడ ఎక్స్‌రేకి ఒకటి వచ్చాయి. బైక్ స్కిడ్ అయి కాలు వాచిన కుర్రాడు వస్తే, చీలమండకు రెండు పక్కలా ఉండే ఎముకల వెనక అంచును కింది నుంచి ఆరు సెంటీమీటర్ల మేర వేలితో నొక్కి చూస్తాం. పాదంలో రెండు చోట్ల నొక్కుతాం. నాలుగు అడుగులు వేయించి చూస్తాం, కుంటినా పర్లేదు. నొక్కితే నొప్పి లేదు, దెబ్బ తగిలినప్పుడూ ఇప్పుడూ నడవగలిగాడు అంటే ఎక్స్‌రే అక్కర్లేదు. ఆ పేపరు పేరు కూడా తెలియని హౌస్ సర్జన్లు రోజూ ఈ పని చేస్తున్నారు. ఆ వాడకం ఏ సైటేషన్ లెక్కలోనూ పడదు.

ఒక్క పేపరుతో ప్రపంచాన్ని కదిలించే దారి ఇంకోటి. 2001లో డెట్రాయిట్‌లో ఇమాన్యుయెల్ రివర్స్ బృందం 263 మంది సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా ముదిరి ప్రాణం మీదికి వచ్చే స్థితి) రోగుల మీద చేసిన ట్రయల్ అలాంటిది. మొదటి ఆరు గంటల్లో ఒక పద్ధతి ప్రకారం గట్టిగా చికిత్స చేస్తే ఆసుపత్రిలో మరణాలు 46.5 శాతం నుంచి 30.5 శాతానికి తగ్గాయన్నారు. పేపరుకి సైటేషన్లు వేలల్లో వచ్చాయి. 2014, 2015లలో అమెరికా, ఆస్ట్రేలియా-న్యూజిలాండ్, ఇంగ్లండ్‌లలో జరిగిన మూడు పెద్ద ట్రయల్స్‌లో మాత్రం ఆ పద్ధతికీ మామూలు చికిత్సకీ తేడా కనిపించలేదు. అలాగని రివర్స్ పని వృథా అనను. ఈలోగా మామూలు చికిత్సే మెరుగైంది, దానికి ఆ పేపరు కూడా ఒక కారణం. ఆ వేల సైటేషన్లలో మెచ్చినవీ ఉన్నాయి, కాదన్నవీ ఉన్నాయి. లెక్కకి రెండూ ఒకటే.

పెద్ద ట్రయల్స్‌లో ఒక సెంటర్‌గా చేరడం మూడో దారి. రక్తస్రావానికి ట్రానెక్సామిక్ యాసిడ్ ఇచ్చి చూసిన క్రాష్-2 అనే ట్రయల్‌లో 40 దేశాల్లోని 274 ఆసుపత్రులు పాల్గొన్నాయి, వాటిలో మనవీ ఉన్నాయి. 2010లో ఫలితాలొచ్చాయి. ఈరోజు యాక్సిడెంట్ కేసుకి ఆ ఇంజెక్షన్ ఇస్తున్నామంటే దాని చలవే. కేసులు చేర్చిన డాక్టర్ల పేర్లు పెద్ద జాబితాలో ఎక్కడో ఉంటాయి. ప్రొఫైల్‌లో మెరవకపోయినా క్రమశిక్షణ మాత్రం బాగా అబ్బుతుంది.

ఇక కేస్ రిపోర్టులు (ఒక్కో రోగి గురించి రాసే చిన్న పేపర్లు) కుప్పలుగా వేసే దారి. రాయడం నేర్చుకోవడానికి ఒకటో రెండో చాలు. ప్రమోషన్‌కి కూడా ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) 2022 నిబంధనల్లో విడి కేస్ రిపోర్టుకు చోటు ఇవ్వలేదు.

మన ప్రాంతానికి ఏది నప్పుతుందంటే, మొహమాటం లేకుండా మొదటి దారే అంటాను. మిర్చి, పత్తి, వరి పొలాల మధ్య ఉన్నాం. పురుగుమందు తాగినవాళ్లు, పాము కరిచినవాళ్లు, మే నెలలో వడదెబ్బ తగిలినవాళ్లు మన క్యాజువాల్టీకి వచ్చినంతగా ఒటావాకో డెట్రాయిట్‌కో రారు. చిన్న ఊళ్ల నుంచి పెద్ద పని రాదనుకోవద్దు. పురుగుమందు కేసుల్లో పామ్ (ప్రాలిడాక్సిమ్ అనే విరుగుడు) ఇంజెక్షన్‌ను ఆపకుండా ఎక్కించడంపై 2006లో లాన్సెట్ జర్నల్‌లో వచ్చిన ట్రయల్ మహారాష్ట్రలోని బారామతిలో జరిగింది. 2009లో శ్రీలంక ట్రయల్‌లో పామ్‌తో మేలు కనిపించలేదు. ఆ చర్చ ఇంకా తేలలేదు. తేల్చడానికి కావాల్సిన రోగులు మన వార్డుల్లోనే ఉన్నారు.

పాముకాటుకి చేసే ఇరవై నిమిషాల పరీక్షనే చూడండి. శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచి, ఒక్కసారి వంచి చూస్తాం. గడ్డకట్టకుండా జారితే విషం రక్తానికెక్కినట్టే. ట్యూబు ప్లాస్టిక్‌దైనా, సబ్బుతో కడిగినదైనా ఫలితం తప్పుతుంది. కొన్ని రక్తపింజర కేసుల్లో పరీక్ష మామూలుగానే వచ్చి మోసం చేస్తుంది కూడా. మన దగ్గర ఎంతమందిలో ఇలా జరుగుతోంది? మళ్లీ ఎన్ని గంటలకు చేస్తే బయటపడుతుంది? పదేళ్లకు సరిపడా పని ఇది. ఖర్చు తక్కువ, ఓపికే ఎక్కువ కావాలి.

కాబట్టి గైడ్‌ను ఎంచుకునేటప్పుడు హెచ్-ఇండెక్స్ దగ్గర ఆగిపోకండి. చివరి పది పేపర్ల పేర్లు చదవండి. అవన్నీ ఒకే రోగి చుట్టూ తిరుగుతున్నాయా? రాసినవాళ్ల వరుసలో పాత పీజీల పేర్లు మొదట ఉన్నాయా? ఆ సైటేషన్లలో సొంతంగా ఇచ్చుకున్నవి ఎన్ని? వార్డులో కేసుల రిజిస్టర్ ఏళ్ల తరబడి నడుస్తుంటే, ప్రొఫైల్‌లో అంకె చిన్నదైనా ఆ యూనిట్‌లోనే చేరండి.