రివర్ క్రూయిజ్‌లో టిప్పులు: మూడు ప్రయాణాల తర్వాత నా లెక్క

మా ఆవిడా నేనూ ఇప్పటికి యూరప్‌లో మూడుసార్లు రివర్ క్రూయిజ్‌కి వెళ్లాం. 2018 అక్టోబరులో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి బాసెల్ దాకా రైన్ నది మీద, 2022 మే నెలలో పాసావు నుంచి బుడాపెస్ట్ దాకా డాన్యూబ్ మీద, 2024 మేలో అన్నయ్యనీ వదిననీ వెంటబెట్టుకుని మళ్లీ అదే దారిలో. గదుల గురించి, భోజనాల గురించి, ఒడ్డున కనిపించే కోటల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను టిప్పుల గురించి రాస్తున్నాను. మొదటిసారి నన్ను అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది అదే.

టికెట్లు కొన్నప్పుడు మా ఏజెంటు "అన్నీ కలిపే సార్, జేబులోంచి తీసేదేమీ ఉండదు" అన్నాడు. నమ్మేశాం. ఏడు రాత్రుల ప్రయాణంలో ఆరో రోజు సాయంత్రం గదికి వచ్చేసరికి మంచం మీద రెండు కవర్లు, ఒక కాగితం ఉన్నాయి. సిబ్బందికి మనిషికి రోజుకి 10 యూరోలు, క్రూయిజ్ మేనేజర్‌కి విడిగా రోజుకి 3 యూరోలు ఇవ్వవచ్చని సూచన. ఇద్దరికీ ఏడు రోజులకి 182 యూరోలు. అప్పటి రేటులో పదిహేను వేల పైమాటే. నా పర్సులో రెండు యాభై నోట్లున్నాయి. బాసెల్‌లో దిగి ఏటీఎంకి వెళితే స్విస్ ఫ్రాంకులు వచ్చాయి. చివరికి రిసెప్షన్‌లో అడిగితే కార్డు మీద తీసుకుంటామన్నారు. ఇంటికొచ్చాక టికెట్ షరతులు తీసి చూస్తే టిప్పులు కలపలేదని స్పష్టంగానే రాసి ఉంది. చదవాల్సింది.

ఆ ప్రయాణంలో నన్ను ఇంకా బాధపెట్టే సంగతి వేరే ఉంది. ఆ నెలలో రైన్‌లో నీళ్లు బాగా అడుగంటాయి. ఒడ్డున కౌబ్ అనే ఊరి దగ్గర నీటిమట్టం చూపే కొలబద్ద 25 సెంటీమీటర్లకి పడిపోయింది, అంతకుముందెన్నడూ అంత తగ్గలేదు. కొలోన్‌లో మా ఓడ ఆగిపోయింది. స్ట్రాస్‌బర్గ్ వైపు లాకులు (ఓడల్ని ఒక నీటిమట్టం నుంచి ఇంకోదానికి ఎక్కించి దించే తలుపుల గదులు) నీటిని నిలబెడతాయి కాబట్టి అక్కడ ఓడలు తిరుగుతున్నాయి. మమ్మల్ని బస్సుల్లో తీసుకెళ్లి అదే కంపెనీ ఓడ ఇంకోటి ఎక్కించారు. మొదటి ఓడ వాళ్లు నాలుగు రోజులు మాకు అన్నీ చేసి, వానలో మా పెట్టెలు మోసుకొచ్చి బస్సులో పెట్టారు. మేం చేతులూపి వెళ్లిపోయాం. కవర్లు వచ్చింది రెండో ఓడలో. నాలుగు రోజుల భాగం విడిగా పంపించమని రిసెప్షన్‌లో చెప్పాను, పంపుతామన్నారు. కానీ ఎదురుగా నిలబడి ఇచ్చినట్టు కాదు కదా. వేసవి చివర్లోనో శరదృతువులోనో వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. ఓడ మారాల్సి వస్తే, దిగే ముందే అక్కడి రోజుల లెక్క చూసి ఇచ్చేయండి.

ఈ డబ్బు ఎవరికి చేరుతుందని అందరూ అడుగుతారు. కవర్లో వేసింది ఒక్క కుండలో పడుతుంది, సిబ్బంది పంచుకుంటారు. మేనేజర్‌ది మాత్రం విడిగా. మేం ఎక్కిన ఓడల్లో ప్రయాణికులు నూట అరవై మంది ఉంటే పనివాళ్లు నలభై అయిదు మంది దాకా ఉండేవాళ్లు. అందులో మనకి మొహాలు తెలిసేది పదిమందివే.

2022లో పాసావు నుంచి బయల్దేరిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. యోకెన్‌స్టైన్ లాకులోకి ఓడ వెళ్తున్నప్పుడు కిటికీ తెర తీశాను. చెయ్యి చాపితే అందేంత దగ్గరలో కాంక్రీటు గోడ, దాని మీద తడి నాచు. నీళ్లు దిగుతున్నకొద్దీ గోడ పైకి లేస్తున్నట్టుంది. ఓడ అంచున నారింజ రంగు లైఫ్ జాకెట్‌లో ఒక కుర్రాడు మోకు పట్టుకుని నిలబడ్డాడు. గోడలో ఉన్న కొక్కేనికి వేసిన ఆ మోకుని నీటిమట్టంతో పాటు తీసి కింది కొక్కేనికి వేస్తున్నాడు, మళ్లీ తీసి మళ్లీ వేస్తున్నాడు. పాసావు నుంచి వియన్నా దాటేదాకా ఇలాంటి లాకులు పది. పొద్దున టిఫిన్ దగ్గర ఆ కుర్రాడు మనకి కనిపించడు. కింద దుప్పట్లు ఉతికేవాళ్లూ, గిన్నెలు కడిగేవాళ్లూ కనిపించరు. ఆ రాత్రి చూశాక, కవర్లో వేసే డబ్బు దగ్గర నేను మళ్లీ బేరమాడలేదు.

అన్నయ్యకి మొదట ఇది నచ్చలేదు. "మన గది సర్దిన అమ్మాయి చేతిలో యాభై పెడదాం, మిగతావాళ్లతో మనకేం పనిరా" అన్నాడు. లాకు సంగతి చెప్పాను. మాట్లాడకుండా విన్నాడు. తర్వాత కవర్లో పూర్తి లెక్క వేసి, ఆ అమ్మాయికి వేరుగా పది ఇచ్చాడు. అదే సరైన వరస. ముందు అందరిదీ, ఆ పైన మనకి ఇష్టమైనవాళ్లకి.

2024లో మా ఇద్దరికీ అయిన ఖర్చు చెబుతాను. సిబ్బందికి రోజుకి మనిషికి 12 చొప్పున 168 యూరోలు, మేనేజర్‌కి 4 చొప్పున 56. ఊళ్లు చూపించే గైడ్లకి పూటకి మనిషికి 2 యూరోలు, ఏడు పూటలకి 28. బస్సు డ్రైవర్లకి మనిషికి ఒకటి చొప్పున అయిదుసార్లు, అంటే 10. కాఫీ హోటళ్లు, టాక్సీలు, బయటి టాయిలెట్ల చిల్లర కలిపి 40. మొత్తం 302. అప్పుడు యూరో తొంభై రూపాయల దగ్గరుంది కాబట్టి ఇరవై ఏడు వేలు. దీన్ని నేను టికెట్ ఖర్చులోనే రాసుకుంటాను, షాపింగ్ డబ్బుల్లో కలపను. కలిపితే చివరి రోజుకి మిగలదు.

కంపెనీలను పోల్చేటప్పుడు కూడా ఇలాగే చూడాలి. టాక్, సీనిక్ లాంటివాళ్లు టిప్పులు టికెట్లోనే కలిపేస్తారు. రేటు ఎక్కువగా కనిపిస్తుంది. తక్కువ రేటువాళ్ల టికెట్‌కి ఈ మూడొందలు కలిపి అప్పుడు చూడండి. మొదటిసారి వెళ్లేవాళ్లకి, ముఖ్యంగా అమ్మానాన్నల్ని పంపేవాళ్లకి, కలిపిన టికెట్టే మంచిదని నా అభిప్రాయం. పెద్దవాళ్లు ఆఖరి రోజున నోట్లు లెక్కపెట్టుకుంటూ కంగారు పడకూడదు.

చిల్లర గురించి కాస్త గట్టిగా చెప్పాలి. మన దగ్గర ఫారెక్స్ షాపులో అడక్కపోతే యాభైలు, వందలే ఇస్తారు. నాలుగు రోజుల ముందు ఫోన్ చేసి అయిదులు, పదులు కావాలని చెబితే తెప్పించారు. నాణేలు మాత్రం ఇక్కడ దొరకలేదు. మ్యూనిక్ ఎయిర్‌పోర్టులో రెండు కాఫీలు కొని యాభై నోటు ఇస్తే మొదటి విడత చిల్లర వచ్చింది. మా ఆవిడ ఒక చిన్న జిప్పు సంచీలో రెండు యూరోల నాణేలు వేసుకుని మెడలో వేలాడదీసుకునేది. గైడ్లు బస్సు దిగే మెట్టు దగ్గరే నిలబడతారు. వెనక ముప్పై మంది ఉండగా అక్కడ పర్సు తీసి వెతకడం కుదరదు.

ఊళ్లో పద్ధతి వేరు. వియన్నాలో బల్ల మీద డబ్బు వదిలేసి రావడం ఉండదు. బిల్లు తొమ్మిది యూరోల నలభై సెంట్లయితే, డబ్బిస్తూ "పది" అంటే చాలు, మిగతాది వాళ్లు ఉంచుకుంటారు. కార్డయినా మెషీన్‌లో పెట్టకముందే ఆ మాట చెప్పాలి. బుడాపెస్ట్‌లో బిల్లు అడుగున చూడండి. సెర్విజ్‌దీయ్ అని ఉంటే సర్వీసు చార్జీ పడ్డట్టే, సాధారణంగా పది నుంచి పదిహేను శాతం. 2022లో చూసుకోక దాని మీద ఇంకో పది శాతం ఇచ్చాం. ఊళ్లో ఖర్చంతా హంగరీ డబ్బు ఫోరింట్లలోనే, కానీ ఓడ బుడాపెస్ట్‌లో ఆగి ఉన్నా కవర్లో యూరోలే వేయాలి.

వదిన శాకాహారి. మూడో రోజుకి రొట్టెలతో విసిగిపోతే వంటగదిలో ఒకతను ఎర్ర కందిపప్పు ఉడికించి, వెల్లుల్లి వేయించి వేసి, అన్నంతో పంపాడు. అతనికేదైనా ఇవ్వాలని వదిన పట్టుబట్టింది. అతనికీ కవర్లో భాగం ఉంటుందని చెప్పి, అభిప్రాయాల కాగితం మీద అతని పేరు రాయమన్నారు మేనేజర్. అలా రాసిన పేర్లు పై ఆఫీసు దాకా వెళతాయట. వదిన కాగితం రెండు వైపులా రాసింది.

కవరు దిగే రోజు పొద్దున కాకుండా ముందు రాత్రి భోజనం కాగానే ఇచ్చేయడం మేలు. పొద్దున ఏడింటికల్లా పెట్టెలు తలుపు బయట ఉండాలి, ఆ హడావుడిలో మర్చిపోతాం. వచ్చే ఏడాది న్యూరెంబర్గ్ నుంచి కాలువ మీదుగా పాసావుకి వెళ్లాలనుకుంటున్నాం. కవరు ఇప్పటికే బీరువాలో ఉంది. పదులు ఇరవై, అయిదులు పన్నెండు, పోయినసారి మిగిలిన నాణేలు ఒక గుప్పెడు.