పెళ్లి పాట కాదిది: ది పోలీస్ ఏడంగుళాల రికార్డు గురించి

బ్రిటిష్ రాక్ బ్యాండ్ ది పోలీస్ వాళ్ల పాట ‘ఎవ్రీ బ్రెత్ యూ టేక్’ ఏడంగుళాల రికార్డు, 1983 నాటి పాత కాపీ, పోయిన నెల ఆన్‌లైన్‌లో కొన్నాను. ముందు సరుకు సంగతి. అట్ట ఒక మూల మడతపడి వచ్చింది, అమ్మినతను పెట్టిన ఫోటోల్లో ఆ మూలే లేదు, మెసేజ్ పెడితే జవాబు లేదు, ఒళ్లు మండింది. రికార్డు మీద మాత్రం గీతలు లేవు. మొదట్లో కాస్త చిటపటలు, అంతే.

ముల్లు పెట్టాక ఆ గిటార్ అందుకుంటుంది చూడండి! ఫోన్లో ఎన్నోసార్లు విన్న పాటే, కానీ అరచేతి అంచుతో తీగల్ని కొంచెం అదిమిపట్టి ఒక్కొక్క స్వరమే మీటుతుంటే వచ్చే ఆ పొడి చప్పుడు ఇందులో ఎంత విడిగా వినిపిస్తుందంటే, ఎవరో పక్కన కూర్చుని వాయిస్తున్నట్టే ఉంది. నాకు గిటార్ కొద్దిగా వచ్చు. ఆ మొదటి కార్డ్‌కి (కలిపి పట్టే స్వరాల గుంపుకి) చిటికెన వేలు చాపి పట్టుకుంటే రెండు నిమిషాల్లో చెయ్యి లాగేస్తుంది.

బ్యాండ్‌లో పాడుతూ బేస్ గిటార్ వాయించే స్టింగ్ ఈ పాట రాసింది 1982లో, జమైకాలో, జేమ్స్ బాండ్‌ని సృష్టించిన ఇయాన్ ఫ్లెమింగ్ ఒకప్పుడు ఉన్న గోల్డెన్‌ఐ ఇంట్లో. అప్పటికి అతని మొదటి పెళ్లి విడిపోతోంది. రికార్డింగ్ మోంట్సెరాట్ దీవిలో, బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ పెట్టిన ఎయిర్ స్టూడియోలో జరిగింది. స్టింగ్‌కీ, డ్రమ్స్ వాయించే స్టూవర్ట్ కోప్‌లాండ్‌కీ పడేది కాదు, ఈ పాట డ్రమ్స్ మీద కూడా గొడవే. స్టింగ్ తెచ్చిన డెమోలో (నమూనా రికార్డింగ్‌లో) ఉన్నది ఆర్గాన్. నీకు తోచినట్టు వాయించు అని గిటారిస్టు ఆండీ సమ్మర్స్‌కి వదిలేస్తే, అతను హంగరీ స్వరకర్త బార్తోక్ వయొలిన్ జంట రచనలు సాధన చేసిన అలవాటుతో ఒకే టేక్‌లో ఈ గిటార్ వరస వాయించేశాడు. రచయితగా మాత్రం స్టింగ్ పేరొక్కటే ఉంటుంది. రికార్డు విన్నప్పుడల్లా నాకు అది అన్యాయంగానే అనిపిస్తుంది.

ఇక చార్టులు. 1983 మేలో వచ్చి బ్రిటన్‌లో 4 వారాలు, అమెరికాలో జులై నుంచి 8 వారాలు నంబర్ వన్. అదీ మైఖేల్ జాక్సన్ ఆల్బమ్ ‘థ్రిల్లర్’ ఊపేస్తున్న ఏడాదిలో. ఆ సంవత్సరానికి అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ లెక్కలో మొదటి పాట ఇదే, 1984 గ్రామీ అవార్డుల్లో సాంగ్ ఆఫ్ ది ఇయర్ కూడా జాక్సన్ పాటలు ‘బీట్ ఇట్’, ‘బిల్లీ జీన్’ రెండింటినీ దాటి దీనికే వచ్చింది. అమెరికాలో ఈ బ్యాండ్‌కి నంబర్ వన్ ఇదొక్కటే. 1997లో అమెరికన్ ర్యాపర్ పఫ్ డాడీ ఇదే గిటార్ వరస తీసుకుని చేసిన పాట అక్కడ 11 వారాలు పైన కూర్చుంది.

మా పిన్ని కూతురి రిసెప్షన్‌లో దీన్ని ప్రేమ పాట అనుకుని పెట్టారు. దయచేసి మాటలు శ్రద్ధగా వినండి. విడిపోయిన మనిషిని వదలకుండా, అడుగడుగునా కనిపెట్టి ఉంటానని చెప్పేవాడి గొంతు అది. అంత తియ్యటి వరసలో అంత భయం పెట్టడమే దీని గొప్పతనం, నా వరకు.

వెనక వైపున్న ‘మర్డర్ బై నంబర్స్’ 1983లో వచ్చిన వీళ్ల ‘సింక్రోనిసిటీ’ ఆల్బమ్ ఎల్పీలో (పెద్ద రికార్డులో) లేదు, క్యాసెట్‌లోనూ సీడీలోనూ మాత్రమే వేశారు. అందుకే ఎల్పీ ఉన్నవాళ్లు కూడా ఇది కొనుక్కోవచ్చు. డబ్బు కట్టేముందు అట్ట నాలుగు మూలలూ ఫోటో తీసి పంపమనండి.