శేషాచలం గోడబొంతకి ఏది మేలు: పాత చీరలా, కాళహస్తి కలంకారీనా?

కొండల్నో, చిన్ననాటి ఊరినో గుడ్డముక్కలతో బొంతగా కుట్టి గోడకి వేలాడదీయాలనుకునేవాళ్లకి తిరుపతిలో గుడ్డకు కొదవ లేదు. బీరువా అడుగున అమ్మమ్మ కట్టిన నూలు చీరలుంటాయి. నలభై కిలోమీటర్ల లోపే శ్రీకాళహస్తి, అక్కడ కలంతో గీసిన కలంకారీ. ఫోటోని గుడ్డ మీద ప్రింట్ కొట్టించి చుట్టూ నాలుగు కుట్లు వేసే మూడో దారి కూడా ఉందిగానీ, దాని గురించి ఎక్కువ మాట్లాడను. ఫోటో ఫోటోనే, ఫ్రేము కట్టించుకుంటే సరిపోతుంది.

చీరలతో పెద్ద సుఖం ఏమిటంటే అవి ఎన్నో ఉతుకులు చూసినవి. ముడుచుకోవాల్సింది ఎప్పుడో ముడుచుకుంది, దిగాల్సిన రంగు దిగిపోయింది. కుట్టాక తడిసినా పక్కముక్కకి రంగు అంటుతుందన్న టెన్షన్ పెద్దగా ఉండదు. కొత్త నూలుగుడ్డయితే గంజి పోయేదాకా నానబెట్టి, ఉతికి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టాలి. పైగా వెలిసిన రంగులో ఉండే తేడాలు కొత్త తానులో ఎక్కడ దొరుకుతాయి? ఒకే చీరలో ఒకచోట ముదురు, ఇంకోచోట లేత. పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా కనిపించే కొండకి అలాంటి గుడ్డే కావాలి.

అయితే కూర్చునే చోట చీర బాగా అరిగి ఉంటుంది. కోసేముందు కిటికీకి ఎదురుగా పట్టుకుని చూడండి, పోగులు పలచబడ్డ చోటు వెలుతురులో ఇట్టే తెలిసిపోతుంది. అక్కడ వెనక పాత పంచె ముక్క వేయాలి, లేదా ఆ భాగం వదిలేయాలి. పాత పట్టుచీరలతో ఇంకా తంటా, మడతల దగ్గరే చీలిపోతాయి. ఇస్త్రీతో అంటుకునే బక్రం వేయనిదే వాటిలో సూది దించొద్దు.

ఇక కలంకారీ. గుడ్డని కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరేస్తారు. పాలలోని కొవ్వు వల్ల కలం గీసిన గీత పాకకుండా నిలుస్తుంది. తుప్పు ఇనుముని బెల్లం నీళ్లలో ఊరబెట్టిన ద్రవం కరక్కాయ తగలగానే నల్లబడుతుంది. ఎరుపు రంగు పట్టి నిలవడానికి పటిక, నీలానికి నీలిమందు. ఇంత పనితనం ఉన్న గీతని మన సూది అందుకోలేదు. నెమలి మెడ ఒంపు, తీగ మెలిక, మామిడాకు ఈనె కావాలంటే కలంకారీకి సాటి లేదు.

కానీ కలంకారీ గుడ్డ అప్పటికే ఒక బొమ్మ. దాన్ని ముక్కలు చేయడానికి చెయ్యి రాదు. అందులో దేవుడి ముఖం ఉంటే ఇంట్లో పెద్దవాళ్లు కత్తెర దగ్గరికే రానివ్వరు, వాళ్ల మాట కాదనలేం కూడా. తీగలు, పక్షులు ఉన్న గుడ్డలు వెతుక్కోండి. చిన్నచిన్న ముక్కలకి పెడనలో అచ్చులతో వేసే కలంకారీ చాలు, ఖరీదూ తక్కువ. ఇంకో మాట: ఆ ఇనుప నలుపు ఏళ్లు గడిచేకొద్దీ నూలుని పెళుసు చేస్తుంది. కుట్టు నల్లగీత మీద కాకుండా దాని పక్కన పోనివ్వాలి.

నన్ను చీరల వైపు పూర్తిగా లాగింది మాత్రం తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కొండరాతిలో కనిపించే ఒక గీత. కింద ఎప్పటిదో గ్రానైట్, దాని మీద పొరలుపొరలుగా క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి. ఆ రెండు రాళ్ల వయసుల మధ్య కోట్ల ఏళ్ల ఖాళీ ఉంది. భూగర్భ శాస్త్రంలో దాన్ని ఎపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ అంటారు, జాతీయ భూగర్భ స్మారకంగానూ గుర్తించారు. బస్సు కిటికీలోంచి రోజూ వేలమంది చూడకుండా దాటిపోయే చోటది. దాన్ని బొంతలోకి తేవాలంటే కింద బూడిదరంగు ముతక గుడ్డ ఒకటే, కుట్లు లేకుండా. పైన అంగుళం వెడల్పున చించిన చీర పేలికలు అడ్డంగా, ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా. కత్తిరించకుండా చించితే పోగులు విడివడి రాతి అంచులా గరుకుగా వస్తాయి. ప్రతి పేలిక వెంటా దారం టాకా కుట్టుగా, అంటే గుడ్డ పైకీ కిందికీ పోతూ, సాగితే పొరలు వాటంతటవే పడతాయి. ఇదే కలంతో గీస్తే రాతి బొమ్మ అవుతుంది, చేత్తో తడిమితే తెలిసే పొర రాదు.

చేతి కుట్టా, మిషనా అంటే గుడ్డని బట్టి. అరిగిన చీర మీద మిషన్ సూది వరసగా చిల్లులు పొడిచి గుడ్డని ఇంకా బలహీనం చేస్తుంది. తలకోన జలపాతానికి నేను చేతి కుట్టే అంటాను. దారం కొంచెం బిగిస్తే గుడ్డ సన్నగా ముడతపడి నీళ్ల కదలిక వస్తుంది. అలిపిరి మెట్లకి మాత్రం మిషనే నయం. 3,550 మెట్లూ కుట్టమని ఎవరూ అడగరుగానీ, పది మెట్లయినా గీతలు తిన్నగా రాకపోతే చూసేవాళ్ల కాలు తడబడుతుంది.

మొత్తమ్మీద కొండ, రాయి, నీళ్లు, ఆకాశం చీరలకే వదిలేస్తాను. అరచేతిలో పట్టేంత కలంకారీ ఒకటి రెండు చోట్ల, పిట్టకో చెట్టుకో. రెండూ సగంసగం పెడితే కలంకారీ చూపంతా లాక్కుని కొండని వెనక్కి నెట్టేస్తుంది.

లోపల దూది వద్దు. కప్పుకునే బొంతకి కావాలిగానీ గోడకి బరువై కిందికి సాగుతుంది, మధ్యలో పంచె పొర ఒకటి చాలు. వెనక పైఅంచున నాలుగంగుళాల గొట్టంలా గుడ్డ కుట్టి కర్టెన్ రాడ్ దూర్చండి. పడమటి ఎండ నేరుగా పడే గోడ మాత్రం వద్దు, కలంకారీ రంగులు దానికి తట్టుకోవు.