మా మూల బల్ల: నాలుగేళ్ళ తర్వాత

విశాఖలో ఇద్దరు స్నేహితులు కలుసుకోవాలంటే ఎవరైనా బీచ్‌కే రమ్మంటారు. మాకు అది కుదరదు. నా స్నేహితురాలికి ఎడమ చెవి వినపడదు. ఆర్కే బీచ్‌లో గట్టు మీద కూర్చుంటే అలల హోరు, గాలి, వెనక రోడ్డు మీద హారన్లు అన్నీ కలిసి నా మాటను మింగేస్తాయి. నేను గొంతు పెంచుతాను, తను తలూపుతుంది. రాత్రి ఇంటికెళ్ళాక మెసేజ్ వస్తుంది: "ఇందాక మీ అమ్మ గురించి ఏదో చెప్పావు, ఏటది?"

అందుకే 2021 చివర్లో పెదవాల్తేరు వైపు, ఒక పాత ఇంట్లో పెట్టిన ఈ చిన్న కేఫ్ దొరికినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అప్పటినుంచి నెలకు రెండుసార్లయినా వెళ్తున్నాం. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇందులో ఒక ఫిర్యాదు ఉంది, దాన్ని వాళ్ళు సగం సరిచేశారు కూడా.

కాఫీ గురించి విశాఖ వాళ్ళకు నేను చెప్పేదేముంది? అరకు అరబికా కాఫీకి 2019లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకు అని ఇచ్చే ముద్ర) వచ్చింది, ఇప్పుడు ఊళ్ళో ఏ మెనూ చూసినా ఆ పేరే. ఇక్కడ బాగుంటుంది. కేక్ ఒక్కోసారి పొడిగా ఉంటుంది. నేను రాయాలనుకున్నది శబ్దం గురించి.

మొదట్లో అది నిజంగా ఇల్లులాగే ఉండేది. చిన్న చిన్న గదులు, మందపు గోడలు, చెక్క తలుపులు, నూలు పరదాలు, నేల మీద చాపలు, ఒక గోడ నిండా పుస్తకాలు. ఒక గదిలో మాట ఇంకో గదికి పోయేది కాదు. కాఫీ మెషిన్ కూడా ఉండేది కాదు. కాగితం ఫిల్టర్‌లో పొడి వేసి, వేడినీళ్ళు నెమ్మదిగా పోసేవారు. ఆవిరి బుస్సుమనే మోత లేదు. వెనక గదిలో మూలకు ఎల్ ఆకారంలో ఒక బెంచీ ఉంది. తను ఎడమ చెవి హాలు వైపు పెట్టుకుని కూర్చుంటుంది, నేను తన కుడి పక్కన మూలలో. గోలంతా వినపడని చెవి వైపు పోతుంది, నా మాట వినపడే చెవికి అందుతుంది. కిటికీ వెలుగు నా మొహం మీద పడుతుంది కాబట్టి పెదాలు కూడా కనిపిస్తాయి. ఒక చెవితో బతికేవాళ్ళకు కూర్చునే చోటు ఎంత ముఖ్యమో ఆ బెంచీ మీదే నాకు తెలిసింది.

(తనకు పుట్టుకతో వచ్చింది కాదు. ఒకరోజు నిద్ర లేచేసరికి చెవి మూసుకుపోయినట్టు ఉంది. జలుబు అనుకుని నెల రోజులు ఊరుకుంది. అలా ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోతే వెంటనే, ఒకటి రెండు రోజుల్లోనే చెవి డాక్టర్‌కి చూపించాలి. ఆలస్యమయ్యే కొద్దీ వినికిడి తిరిగొచ్చే అవకాశం తగ్గిపోతుంది. ఇది చదివేవాళ్ళు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.)

పోయినేడు రెండు నెలలు మూసి, బాగు చేయించి మళ్ళీ తెరిచారు. గదుల మధ్య గోడ తీసేశారు. ముందంతా అద్దం, కింద నున్నటి టైల్స్. పరదాలు, చాపలు పోయాయి. మెషిన్ వచ్చింది. మా బెంచీకి సరిగ్గా పైన స్పీకర్ బిగించారు. ఫొటోల్లో చాలా అందంగా ఉంది. కానీ చెంచా కింద పడితే హాలంతా ఖంగుమంటుంది.

మేము తెలియక శనివారం సాయంత్రం వెళ్ళాం. ఆరింటికి ఒక అబ్బాయి గిటార్, మైక్ పెట్టుకుని పాడటం మొదలుపెట్టాడు. ఆ రోజు నేను తనతో ఒక మాట చెప్పుకోవాలనే వచ్చాను. "తమ్ముడికి ఆపరేషన్ చెయ్యాలట" అన్నాను. తన మొహం వెలిగిపోయింది. "ప్రమోషనా! మంచి మాట చెప్పావే, పార్టీ ఎప్పుడు?" అంది. నాకు నోట మాట రాలేదు. నా కళ్ళు చూసి తనకు అర్థమైంది, తప్పు విన్నానని. చేతులు వణికాయి పాపం. బిల్లు కట్టి బయటికొచ్చి, సందులో మూసి ఉన్న ఒక షాపు మెట్ల మీద కూర్చుని మళ్ళీ మొదటినుంచి చెప్పాను. తను నన్ను పట్టుకుని ఏడ్చింది. తమ్ముడు ఇప్పుడు బాగున్నాడు. కానీ ఆ సాయంత్రం నేను మర్చిపోలేను.

మర్నాడు కేఫ్ నంబర్‌కి జరిగిందంతా మెసేజ్ పెట్టాను. ఏం జవాబొస్తుందిలే అనుకున్నాను. అక్కడి మేనేజర్ ఫోన్ చేసి, "ఏ బల్ల మేడం?" అని అడిగారు. మూడు వారాల తర్వాత వెళ్తే మా మూలన స్పీకర్ లేదు. కిటికీకి మందపాటి పరదా, బెంచీ వెనక గోడకు కార్క్ షీట్. పాట ఉండే రోజులు గుమ్మం దగ్గర బోర్డు మీద రాస్తున్నారు. ఒక్క కస్టమర్ మాటకు ఇంత చేస్తారని నేను అనుకోలేదు.

అయినా తీసేసిన గోడ తిరిగి రాదు కదా. "ఊళ్ళో ఇంత నిశ్శబ్దమైన చోటు లేదు" అని ఎంతోమందిని అక్కడికి పంపాను. ఇప్పుడు ఆ మాట అనలేను. నిజానికి పాత రోజుల్లో కూడా వేసవిలో కరెంటు పోతే కిటికీ పక్కనే జనరేటర్ మోగేది. ఇష్టం కొద్దీ నేనే దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఇద్దరే అయితే, మామూలు రోజుల్లో పదకొండు నుంచి పన్నెండున్నర లోపు అయితే వెళ్ళండి. నలుగురైదుగురికి ఆ మూల సరిపోదు. మా ఇల్లు దగ్గర, స్కూటీ మీద పది నిమిషాలు, కాబట్టి నా మాట పూర్తిగా నమ్మక్కర్లేదు. తను గాజువాక నుంచి గంటకు పైగా బస్సులో వస్తుంది, తన మాటే లెక్క. పోయిన మంగళవారం నేను మాట్లాడుతుంటే మెషిన్ మొదలైంది. అది ఆగేదాకా చూద్దామని మధ్యలో ఆపేశాను.

"ఆపకే, చెప్పు. నీ పెదాలు కనిపిస్తున్నాయి" అంది తను.