స్టార్ ఆటగాడిని ఉంచుకోవాలా, వదులుకోవాలా? వాషింగ్టన్ నేషనల్స్ అన్ని దారులూ తొక్కి చూసింది

2019 ఏప్రిల్ 2న బేస్‌బాల్ స్టార్ బ్రైస్ హార్పర్ వాషింగ్టన్‌కి తిరిగొచ్చాడు, కాకపోతే ఫిలడెల్ఫియా జెర్సీ వేసుకుని. ఏడేళ్ళ పాటు మావాడని మురిసిపోయిన జనమే ఆ రాత్రి అతను బ్యాటు పట్టుకున్నప్పుడల్లా ‘బూ’ అంటూ గోల చేశారు. అతను హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టి, బ్యాటు గాల్లోకి విసిరి జవాబు చెప్పాడు. ఆ రాత్రి ఎవరిని అడిగినా నేషనల్స్ పెద్ద తప్పు చేసిందనే అనేవారు. ఏడు నెలలు తిరక్కుండానే, అక్టోబరు 30న, అదే నేషనల్స్ హార్పర్ లేకుండా తన మొదటి వరల్డ్ సిరీస్, అంటే లీగ్ ఫైనల్, గెలిచింది.

స్టార్ ఆటగాడి కాంట్రాక్టు ముగిసే వేళ జట్టు ఏం చేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు ఈ జట్టే గుర్తొస్తుంది. ముందే కట్టేసుకోవడం, మార్కెట్లో పోటీపడి కొనుక్కోవడం, వదిలేయడం, అమ్మేయడం, ఈ నాలుగూ ఒకే జట్టు, కొద్ది ఏళ్ళ తేడాలో చేసి చూసింది.

రూల్ ముందు చెప్పుకోవాలి. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఆరేళ్ళ సర్వీసు నిండేదాకా ఆటగాడి మీద హక్కు జట్టుదే. మొదటి మూడేళ్ళు దాదాపు కనీస జీతమే వస్తుంది, 2025లో అది 7.6 లక్షల డాలర్లు. తర్వాత మూడేళ్ళు జీతం కుదరకపోతే మధ్యవర్తి దగ్గర తేల్చుకోవచ్చు. ఆరేళ్ళూ నిండాక అతను ఫ్రీ ఏజెంట్, 30 జట్లలో ఎవరితోనైనా బేరం ఆడుకోవచ్చు. ఐపీఎల్ చూసే మనకి ఇది కాస్త వింతగా ఉంటుంది. ఇక్కడ రిటెన్షన్ జాబితా లేదు, ఎవరో పాడిన ధరకి మేమే తీసుకుంటాం అనడానికి ఆర్‌టీఎం కార్డు లేదు. జట్టు మొత్తం ఖర్చుకి గట్టి పరిమితి కూడా లేదు. ఒక హద్దు దాటితే పన్ను కట్టాలి, అంతే. అంటే ఆ ఆరేళ్ళలోపు ఏదో ఒకటి తేల్చుకోకపోతే, తర్వాత పాత జట్టు కూడా వరసలో నిలబడ్డ ముప్ఫైమందిలో ఒకరు.

హార్పర్ విషయంలో నేషనల్స్ వరసలో నిలబడింది, కానీ మనసు పెట్టి నిలబడలేదు. 2018 సీజన్ చివర్లో పదేళ్ళకి 30 కోట్ల డాలర్లు ఇస్తామంది. వినడానికి బాగానే ఉంది. అందులో చాలా డబ్బు ఎన్నో ఏళ్ళ తర్వాత చేతికొచ్చేది. హార్పర్ కాదన్నాడు, ఫిలడెల్ఫియా 13 ఏళ్ళకి 33 కోట్లు ఇచ్చింది. నేషనల్స్ ఈలోగా పిచర్ (మన బౌలర్ లాంటివాడు) ప్యాట్రిక్ కార్బిన్‌ని ఆరేళ్ళకి 14 కోట్లకు తెచ్చుకుంది. వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో గెలుపు కార్బిన్ పేరు మీదే పడింది. ఆర్‌సీబీ మన హైదరాబాదీ సిరాజ్‌ను వదులుకుని, ఆ 2025 సీజన్‌లోనే మొదటి కప్పు కొట్టినట్టన్నమాట.

అయితే కథ అక్కడితో ఆపేస్తే నేషనల్స్‌ని మరీ మెచ్చుకున్నట్టవుతుంది. హార్పర్ 2021లో ఎంవీపీ (లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు, 2022లో ఫిలడెల్ఫియాని వరల్డ్ సిరీస్‌కి తీసుకెళ్ళాడు. ఏటా సగటున రెండున్నర కోట్ల డాలర్లంటే, తర్వాత పెరిగిన ధరలతో పోల్చితే చవకే. కార్బిన్ మాత్రం 2022లో 19 మ్యాచ్‌లు ఓడాడు. కప్పు వచ్చింది కాబట్టి ఎవరూ పెద్దగా తిట్టలేదు. కప్పు రాకపోయి ఉంటే ఆ బేరాన్ని ఇవాళ్టికీ తవ్వి తీసేవారు.

అసలు పరీక్ష కప్పు గెలిచాక వచ్చింది. ఆ డిసెంబరులో ఇద్దరు ఒకేసారి మార్కెట్లో ఉన్నారు: ఆ వరల్డ్ సిరీస్ ఎంవీపీ, పిచర్ స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ ఒకరు, ఆ ఏడాది లీగ్ మొత్తం మీద ఎక్కువగా 126 పరుగులు రాబట్టిన థర్డ్ బేస్‌మన్ ఆంథనీ రెండాన్ మరొకరు. ఇద్దరికీ ఏజెంటు ఒక్కడే, స్కాట్ బోరస్. ఇద్దరినీ ఉంచుకునే స్తోమత లేదని యజమాని బయటికే చెప్పాడు. స్ట్రాస్‌బర్గ్‌ని ఉంచుకున్నారు, ఏడేళ్ళకి 24.5 కోట్ల డాలర్లు. రెండాన్ లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్ జట్టుకి వెళ్ళిపోయాడు. ఎంతకి? ఏడేళ్ళకి 24.5 కోట్ల డాలర్లకి. కావాలని పెట్టినా ఇంత చక్కటి పోలిక దొరకదు.

ఎవరి బేరం మేలని తేలింది? ఎవరిదీ కాదు. స్ట్రాస్‌బర్గ్ ఆ కాంట్రాక్టులో మొత్తం ఎనిమిది మ్యాచ్‌లు ఆడాడు, భుజం దగ్గర నరాల సమస్యతో ఇక బంతి వేయలేకపోయాడు, 2024లో రిటైరయ్యాడు. రెండాన్ ఏంజెల్స్ తరఫున ఏ సీజన్లోనూ 58 మ్యాచ్‌లు దాటలేదు. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో దాదాపు ప్రతి పెద్ద కాంట్రాక్టు గ్యారంటీ. గాయమైనా, కూర్చున్నా జీతం వస్తూనే ఉంటుంది. నేషనల్స్ స్ట్రాస్‌బర్గ్‌ని నిలబెట్టుకుంది అని ఆ రోజు పండగ చేసుకున్న అభిమాని, నిజానికి ఏడేళ్ళ అప్పు నెత్తికెత్తుకున్నందుకు పండగ చేసుకున్నాడు. ముప్ఫై దాటిన పిచర్‌ని, అతని జీవితంలోకెల్లా గొప్ప అక్టోబరు అయిన వెంటనే కొనడమంటే, బంగారం ధర ఆకాశాన్ని అంటిన రోజున నగల కొట్టుకి వెళ్ళడమే.

మార్కెట్ దాకా వెళ్ళి ఉంచుకోవడం ఎప్పుడూ తప్పేనా అంటే, ఆరన్ జడ్జ్ ఉన్నాడు. 2022 సీజన్ ముందు అతని జట్టు న్యూయార్క్ యాంకీస్ అతనికి ఏడేళ్ళకి 21.35 కోట్లు ఇస్తామంటే వద్దన్నాడు. ఆ ఏడాది 62 హోమ్ రన్లు కొట్టి 1961 నాటి రోజర్ మారిస్ రికార్డు దాటేశాడు. డిసెంబరులో అదే యాంకీస్ తొమ్మిదేళ్ళకి 36 కోట్లు ఇచ్చింది. ఆలస్యానికి కట్టిన వడ్డీ అది. యాంకీస్ కాబట్టి కట్టగలిగింది. అదే యాంకీస్ రెండేళ్ళ తర్వాత హువాన్ సోటో కోసం 16 ఏళ్ళకి 76 కోట్లు పెట్టినా, అతను 15 ఏళ్ళకి 76.5 కోట్లిచ్చిన మెట్స్‌కి వెళ్ళిపోయాడు. డబ్బున్నవాడికీ పూచీ లేదన్నమాట.

ఆ సోటో కూడా నేషనల్స్ చేతిలో పుట్టినవాడే. 19 ఏళ్ళకే ఆ జట్టులో ఆడాడు, 2019 కప్పులో ఉన్నాడు. 2022లో నేషనల్స్ 15 ఏళ్ళకి 44 కోట్లు ఇస్తామంది, అతను ఒప్పుకోలేదు. ఈసారి జట్టు హార్పర్ పాఠం గుర్తుపెట్టుకుంది. హార్పర్ పోతూ పోతూ మిగిల్చింది ఒకే ఒక్క డ్రాఫ్ట్ పిక్, అంటే కొత్త కుర్రాళ్ళలో ఒకరిని ఎంచుకునే వంతు, అదీ నాలుగో రౌండు తర్వాత. సోటోకి ఇంకా రెండున్నర సీజన్లు మిగిలి ఉండగానే, 2022 ఆగస్టు 2న శాన్ డియెగోకి ట్రేడ్ చేసేసింది. బదులుగా వచ్చిన కుర్రాళ్ళలో సీజే ఏబ్రమ్స్, మెకెంజీ గోర్, జేమ్స్ వుడ్ ముగ్గురూ తర్వాత ఆల్ స్టార్లయ్యారు, అంటే లీగ్‌లోని మేటి ఆటగాళ్ళ మ్యాచ్‌కి ఎంపికయ్యారు. ఒక్క నాలుగో రౌండు పిక్కుకీ ముగ్గురు ఆల్ స్టార్లకీ మధ్య తేడా ఏమిటంటే, దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవడం.

ఈ ట్రేడ్‌ని విజయం అనగానే కొట్టిపారేసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మాటలోనూ పస ఉంది. 2019 తర్వాత 2025 దాకా నేషనల్స్ ఒక్క సీజన్లో కూడా ఓటముల కన్నా ఎక్కువ మ్యాచ్‌లు గెలవలేదు. సోటో పోయిన ఏడాది 107 ఓడిపోయింది. ముగ్గురు మంచివాళ్ళు కలిసినా ఒక సోటో అవుతారన్న హామీ లేదు. నేషనల్స్‌కి ట్రేడ్ కలిసొచ్చినంత మాత్రాన, టిక్కెట్టు కొనుక్కుని స్టేడియానికి వెళ్ళిన జనానికి కలిసొచ్చినట్టు కాదు. నా ఉద్దేశంలో అయినా అది సరైన పనే. ఎందుకంటే రెండో దారి ఏంజెల్స్ చూపించింది. 2023 జులైలో షోహే ఒటానీని అమ్మకుండా, ఆ ఏడాది ఎలాగైనా ప్లేఆఫ్స్‌కి వెళితే అతనే ఉంటాడని ఆశపడి, ఉన్న కుర్రాళ్ళనే ఇచ్చి వేరే ఆటగాళ్ళని తెచ్చుకుంది. ఆగస్టులో జట్టు కుప్పకూలింది, ఒటానీ మోచేతికి గాయమైంది. డిసెంబరులో అతను పదేళ్ళకి 70 కోట్ల డాలర్లకు డాడ్జర్స్‌కి వెళ్ళాడు. అదీ ఎక్కడికి, ఒకే మహానగరంలో పక్కింటికి. ఏంజెల్స్‌కి దక్కింది ఒక డ్రాఫ్ట్ పిక్. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అంటే జరిగేది ఇదే.

ఇక ముందే కట్టేసుకోవడం. నా ఓటు దీనికే, కానీ ఇది జట్టు ఒక్కటే తీసుకునే నిర్ణయం కాదు. అట్లాంటా 2019లో రోనల్డ్ అకూన్యాని ఎనిమిదేళ్ళకి పది కోట్లకు ఒప్పించింది. 2023లో అతను ఎంవీపీ అయినప్పుడు ఆ కాంట్రాక్టు చూసి మిగతా జట్లు కుళ్ళుకున్నాయి. చిన్న ఊరి జట్టు కాన్సాస్ సిటీ, 2023లో 106 మ్యాచ్‌లు ఓడిపోయాక కూడా, 2024 ఫిబ్రవరిలో బాబీ విట్ జూనియర్‌కి 11 ఏళ్ళకి 28.8 కోట్లకు పైగా ఇచ్చింది. ఆ ఏడాదే అతను .332 సగటుతో లీగ్ బ్యాటింగ్ కిరీటం గెలిచాడు, జట్టు ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది. విట్‌కి ఏడేళ్ళ తర్వాత బయటికి వెళ్ళిపోయే హక్కు ఉంది, అది వేరే సంగతి. సోటోలాంటివాడు, బోరస్‌లాంటి ఏజెంటు పక్కనుంటే, ఈ తలుపు తెరుచుకోవడం చాలా అరుదు. తెరుచుకున్నా పందెం పందెమే. నేషనల్స్ 2023లో క్యాచర్ కీబర్ట్ రూయిజ్‌కి ఎనిమిదేళ్ళకి ఐదు కోట్లు ఇచ్చింది, అతను అనుకున్నంత ఎదగలేదు. కానీ ఐదు కోట్ల తప్పునీ 24.5 కోట్ల తప్పునీ ఒకే గాటన కట్టకూడదు.

కాబట్టి ఏది మేలు అని నన్ను నిలదీస్తే ఇలా అంటాను. రెండో మూడో ఏడాదిలోనే అడగాలి. గట్టి ధరకి రెండుసార్లు కాదన్నాడంటే, మూడోసారి బతిమాలకుండా ఏడాదిన్నర ఉండగానే అమ్మాలి. కప్పు గెలిచే జట్టు చేతిలో ఉంటే మాత్రం అమ్మొద్దు, ఆడించి వదిలేయొచ్చు, 2019 రెండాన్ లాగా. మార్కెట్లో పోటీపడి తెచ్చుకోవడం బ్యాటర్ అయితేనే, అదీ జడ్జ్ అంతటివాడైతేనే.

నేషనల్స్ ముందే కట్టేసుకున్న స్టార్ కూడా ఒకడున్నాడు. రయన్ జిమ్మర్‌మన్, 2005లో ఆ జట్టు వాషింగ్టన్‌కి వచ్చాక డ్రాఫ్ట్‌లో మొట్టమొదట తీసుకున్నవాడు. ఫ్రీ ఏజెన్సీ గుమ్మం దాకా పోనివ్వకుండా 2009లో ఒకసారి, 2012లో మరోసారి కాంట్రాక్టు పొడిగించారు. గాయాలతో కొన్ని సీజన్లు పోయాయి, చివరి ఏళ్ళలో జీతానికి తగ్గ ఆట లేదు. అయినా ఇంకో జెర్సీ వేసుకోకుండానే రిటైరయ్యాడు. 2022 జూన్ 18న అతని 11వ నంబరును శాశ్వతంగా పక్కన పెట్టారు, వాషింగ్టన్‌కి వచ్చాక ఆ జట్టు తన ఆటగాడి కోసం అలా పక్కన పెట్టిన మొదటి నంబరు అదే. అప్పటికి సోటో ఇంకా వాషింగ్టన్‌లోనే ఉన్నాడు. ఆరు వారాల తర్వాత లేడు.